కుర్చీ తోస్తే కుర్చీ!

ఆర్థిక మంత్రి కె.ఎం.మాణి బడ్జెట్ చదవడానికి వీల్లేదంటూ 2015 మార్చి 13న కేరళ అసెంబ్లీలో వామపక్ష సభ్యులు వేదికెక్కి స్పీకర్ కుర్చీని కింద పడేశారు.

పాపం కుర్చీ! బార్ల ముడుపుల ఆరోపణ వచ్చింది మాణి మీద, దెబ్బలు తిన్నది అది.

మైకులు ఊడాయి. కంప్యూటర్లు పగిలాయి. కొరికారన్న ఫిర్యాదూ వచ్చింది. (మన సభల్లో చర్చకు పదును లేదన్నదెవరు?) అంత రభసలోనూ మాణి నాలుగు ముక్కలు చదివి బడ్జెట్ అయిందనిపించారు.

నష్టం లెక్క రూ.2.20 లక్షలు. ఆరుగురిపై కేసు.

తర్వాత? 2020లో మాణి కొడుకు పార్టీతో సహా వచ్చి అదే వామపక్ష కూటమిలో చేరారు. రండి, కూర్చోండి! 2021లో నిందితుల్లో ఒకరైన శివన్‌కుట్టి మంత్రయ్యారు. ఏ శాఖనుకున్నారు? విద్యాశాఖ. బల్లలెక్కొద్దని పిల్లలకు చెప్పే శాఖ.

మనం మరీ నవ్వక్కర్లేదు లెండి. 2014 ఫిబ్రవరి 13న లోక్‌సభలో పెప్పర్ స్ప్రే కొట్టింది మన బెజవాడ ఎంపీయే. సభంతా దగ్గింది. విభజన బిల్లు మాత్రం దగ్గకుండా ఐదు రోజులకే పాసైంది.

కేరళ కేసు ఎత్తేస్తామని అక్కడి సర్కారు వెళ్తే, 2021 జులైలో సుప్రీంకోర్టు కుదరదంది. సభ్యుల హక్కుల్లో సామాన్లు పగలగొట్టే హక్కు లేదట. ఆ ముక్క తెలియడానికి ఢిల్లీ దాకా వెళ్లాల్సొచ్చింది.