ఉప్పునీటి తొట్టి సూత్రమునకు టీకా తాత్పర్యములు

మూలము: “ముందు నీళ్ళు తిరగాలి, ఒకచోటే కొట్టకూడదు. తర్వాత లైటు. నీలం ఎక్కువ, మెల్లమెల్లగా, ఎనిమిది గంటలు.”

అవతారిక: రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, పదునాఱంగుళముల ఎత్తు గల గాజుతొట్టిలో లైవ్ రాక్ అని వ్యవహరింపబడు రంధ్రమయశిలలు పేర్చి, ఒక జంట క్లౌన్ చేపలను, కొన్ని మష్రూమ్ పగడములను పెంప నుద్యుక్తుడైన గృహస్థుడు, ఏ పంపు కొనవలెను, ఏ దీపము కొనవలెనని యడుగగా, అక్వేరియం దుకాణాధిపతి వేఱొకరికి బంగారుచేపలను సంచిలో కట్టి యిచ్చుచు, తల యెత్తకయే యనుగ్రహించిన సూత్రమిది. గద్యమగుటచే యతిప్రాసల విచారము లేదు. అల్పాక్షరత్వము, అసందిగ్ధత్వము అను సూత్రలక్షణములలో మొదటిది మాత్రము పుష్కలముగా నున్నది.

ప్రతిపదార్థము: ముందు = దీపము మాట తలపెట్టుటకు పూర్వమే; నీళ్ళు = కిలోకు సుమారు 35 గ్రాముల లవణము గల జలము; తిరగాలి = తొట్టి యంతట సంచరింపవలయును; ఒకచోటే = ఏకస్థానమునందే; కొట్టకూడదు = ధారగా తాకరాదు; తర్వాత = కదలిక కుదిరిన పిదప; లైటు = ఎల్‌ఇడి దీపము; నీలం ఎక్కువ = నీలకాంతి యధికముగను, తెలుపు స్వల్పముగను; మెల్లమెల్లగా = వారముల తరబడి హెచ్చించుచు; ఎనిమిది గంటలు = దినమున కంతసేపు వెలుగవలయునని శేషము.

తాత్పర్యము: పంపును కుదిర్చిన పిదపనే దీపమును వెలిగింపుము, వెలిగించియు తొందరపడకుము.

విశేషములు: కొనువారెల్లరు దీపమునే ముందడుగుదురు, అది కంటికి కనబడును గదా. సూత్రకారు డాక్రమమును తలక్రిందు చేయుట యాదృచ్ఛికమని కొందఱందురు గాని యది పొసగదు. పగడపు కణజాలమునందు జూజాంథెల్లే అను సూక్ష్మశైవలములు కాపురముండి, వెలుతురున చక్కెరలు వండి, అందు అధికభాగమును తమ యజమానికి అద్దెగా చెల్లించుచుండును. ఆ వంటలో పుట్టిన ప్రాణవాయువు వెలుపలికి పోవలయును. పగడమునకు మొప్పలు లేవు, చోటు మారు కాళ్ళును లేవు. దాని మేనిని అంటియుండు పలుచని నిశ్చలజలపు పొరను ప్రవాహమే యొరసి పలుచన చేయవలయును. నీరు కదలని తొట్టిపై ప్రచండదీపమును వ్రేలాడదీసినచో ఆ ప్రాణవాయువే కణజాలమున నిలిచి హాని చేయును. కావున దీపమున కెంత బలముండవచ్చునో నిర్ణయించునది పంపు.

ఇక సంఖ్యావిచారము. పైని కొలతల తొట్టిలో 75 లీటర్ల నీరు పట్టును. మెత్తని జాతులకు గంటకు పది మొదలు ఇరువది రెట్లు, అనగా 750 మొదలు 1500 లీటర్ల కదలిక చాలునని సంప్రదాయము. అక్రోపొరా వంటి కొమ్మపగడములకు ముప్పది రెట్లకు మించి కావలయును. కాని అవి చేరు రాతిపగడము లన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలున నుండి, వానిని ఇంట పెంచుట నిషిద్ధమగుటచే, మన గృహస్థున కా చింత లేదు. మష్రూమ్ పగడములు తీవ్రప్రవాహమున ముడుచుకొనును, ఒక్కొకప్పుడు పట్టు వీడి కొట్టుకొనిపోవును. పెట్టెపై నచ్చొత్తిన లీటర్ల లెక్క సరియైనను, ఆ ధార యంతయు ఒక్క పగడముపైననే పడి, శిలల వెనుక మడ్డి పేరుకొని, ఎఱ్ఱని సయనోబాక్టీరియా జిగురు పొరలుగా పఱచుకొనుట కలదు. “ఒకచోటే” అను పదమునకు ప్రయోజన మిదియే. పంపును ఎదుటి గాజువైపు, నీటి పైతలమునకు చేరువగా త్రిప్పినచో ధార గాజును తాకి చెదరును, ఉపరితలము కదలి గాలిమార్పిడియు జరుగును. ఒక పెద్ద పంపుకంటె రెండు చిన్న పంపులు మేలని చెప్పు వ్యాఖ్యాతలతో నే నేకీభవింతును, వైరు మఱియొకటి వ్రేలాడినను సరే.

నీలమేల? సముద్రజలము ఎఱుపును మొదటి కొలది మీటర్లలోనే మ్రింగివేయును. నీలము లోతులకు చొచ్చును. ఆ శైవలములును 420 మొదలు 480 నానోమీటర్ల కాంతిని మిక్కిలి ప్రీతితో గ్రహించును. తెలుపుపక్షమువా రిందు కొందఱు ఆక్షేపింతురు: ఇండోనేషియాలో లీ చిన్ ఎంగ్ సజీవశిలలతో, గాలిబుడగలతో, పగటి సూర్యరశ్మితోనే పగడములను పెంచి 1961 లో ప్రకటింపలేదా యని. నిజమే, కాని నట్టింటి మూలకు సూర్యుడు రాడు. మష్రూమ్ పగడములకు, శైవలముల కుపయోగపడు కాంతిని కొలుచు పార్ అను మానమున 50 ప్రాంతము చాలును. చేపల కింతయు నక్కఱలేదు.

“మెల్లమెల్లగా” అన్నచోటనే గృహస్థులు తప్పుదురు. కొత్తదీపమును పూర్ణబలమున వెలిగించిన కొలదినాళ్ళలో పగడము తన శైవలములను వెడలగొట్టి తెల్లబాఱును. మూడవవంతు బలముతో నారంభించి వారమునకు కొంచెము చొప్పున పెంచుట యుక్తము.

ఇక, ఏ యెనిమిది గంటలు? మూలమున నిర్దేశము లేదు. సూర్యోదయాది యని ఛాందసులందురు. అట్లయినచో ఆఱింటికి కార్యాలయమునుండి వచ్చు గృహస్థుడు చీకటితొట్టిని చూచుటకే యింత వ్యయము చేసినవాడగును. ఏ గంటలైనను పగడమునకు సమ్మతమే, దినదినము మాఱకున్న చాలును. కాన మధ్యాహ్నము రెండు మొదలు రాత్రి పది వఱకని నా నిర్ణయము. టైమరును విడిగా కొనవలయును.