తేలే ప్యానెళ్లు, తేలని పంచాయితీ

ఏ బటన్ ఎక్కడుండాలో లోకానికంతా నేర్పే డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫిగ్మాకు 2024 జూన్‌లో తన బటన్ల మీదే అనుమానం వచ్చింది. యూఐ3 అంటూ కొత్త అవతారం ఎత్తింది. పైనున్న టూల్‌బార్‌ను పట్టుకెళ్లి కింద కూర్చోబెట్టింది. పక్కన గోడకు బిగించినట్టుండే ప్యానెళ్లను ఊడదీసి కాన్వాస్ మీద తేలేలా వదిలింది. పనికి చోటు పెరుగుతుందట! ప్యానెల్‌కూ స్క్రీన్ అంచుకూ నడుమ సన్నటి సందు. ఆ సందులోంచి వెనకున్న డిజైన్ తొంగిచూస్తుంది. అక్కడ పని చేసుకోలేం, చూడకుండా ఉండలేం. పెరిగిన చోటల్లా అదే.

వంటింటి అరలు రాత్రికి రాత్రే సర్దేస్తే పొద్దున్నే కాఫీపొడి కోసం తడుముకున్నట్టు, అలవాటుపడ్డ కర్సర్ పైకి పోతుంది. అక్కడేమీ ఉండదు. బిక్కమొహం వేసుకుని కిందికి దిగుతుంది.

వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. కొన్ని నెలలకే ప్యానెళ్లు బుద్ధిగా వచ్చి మళ్లీ గోడకు అతుక్కున్నాయి. టూల్‌బార్ మాత్రం కిందే ఉండిపోయింది. అలిగిందేమో!

డెవలపర్ల ముచ్చట ఇంకోటి. 2023లో వాళ్లకోసం డెవ్ మోడ్ అని ప్రత్యేకంగా ఓ గది కట్టించారు. బీటా అన్నన్నాళ్లూ ‘రండి బాబూ రండి’. 2024లో గుమ్మం దగ్గర టికెట్ కౌంటర్ వెలిసింది. లోపలికి అడుగుపెట్టాలంటే సీటుకింత. టూల్‌బార్ ఎటుపోయిందో వెతుక్కోవడం మాత్రం పూర్తిగా ఉచితం.