మునిగే పొలాలకు మొండి సలహాలు

ఈ సలహాలు రచ్చబండ దగ్గర చదివితే సగం మంది లేచి వెళ్లిపోతారు. మిగిలినవాళ్లు తిక్క మనిషి అంటారు. అయినా రాస్తున్నాను. ఎర్రకాలువ వెంట, యనమదుర్రు డ్రెయిన్ వెంట వ్యవసాయం చేసేవాళ్లం మామూలు సలహాలు ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం. వింటూనే 2024 జులైలో నిడదవోలు, తాడేపల్లిగూడెం వైపు వేసిన నాట్లు వేసినట్టే నీళ్ల పాలవడం చూశాం. ఇక అడ్డం తిరగాల్సిందే.

వరద రోజున అధికారుల కోసం ఎదురు చూడకండి. నడుం లోతు నీళ్లలో నిలబడి కుళ్లిన దుబ్బు పైకెత్తి చూపిస్తే వచ్చినవాళ్లు బాధపడతారు, రాసుకుంటారు, వెళ్తారు. ఆ రోజు వాళ్లు చేయగలిగింది కూడా పెద్దగా ఏమీ ఉండదు. వాళ్లను పట్టుకు రావాల్సింది మార్చిలో. అప్పుడు డ్రెయిన్‌లో నీళ్లు అడుగంటి ఉంటాయి. పూడిక ఎంత మేటేసిందో, గట్టు ఎక్కడ నాసిగా ఉందో, తూటికాడ ఎంత మేర అల్లుకుందో కళ్లకు కనపడుతుంది. వరదలో పడే కోపమంతా దాచుకుని మార్చి నెలలో పడండి.

ఇంకా చెప్పాలంటే మార్చి కూడా ఆలస్యమే. గోదావరి డెల్టాలో దాళ్వా తడులు అయ్యాక ఏప్రిల్, మే నెలల్లో కాలువలు కట్టేస్తారు. మరమ్మతులకు దొరికేవి ఆ కొద్ది వారాలే. అంచనాలు మేలో కదిలి, టెండరు జూన్‌లో తేలి, కాలువలకు నీళ్లు వదిలాక పొక్లెయిన్ గట్టెక్కితే ఆ పని ఎవరి కోసం? నీళ్ల కింద తీసిన మట్టిని ఎవరు కొలుస్తారు? అందుకని సంక్రాంతి వెళ్లిన వారంలోనే కదలండి. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలకు 2024 డిసెంబరులో మళ్లీ ఎన్నికలు జరిగాయి. మీ సంఘం అధ్యక్షుణ్ని వెంటబెట్టుకుని డ్రెయిన్ల ఇంజనీరు దగ్గరకు వెళ్లండి. ఈ ఏడాది అంచనాల్లో మా డ్రెయిన్ ఉందా, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా, ఎంత లోతు తీస్తారు? ఈ మూడే అడగండి, జవాబు కాగితం మీద తీసుకోండి. సమాచార హక్కు చట్టం కాగితాలు అడగడానికే అనుకుంటారు చాలామంది. జరుగుతున్న పనిని స్వయంగా వెళ్లి చూసే హక్కు, నమూనా తీసుకునే హక్కు కూడా 2005 నాటి ఆ చట్టంలోనే ఉన్నాయి.

కొలత కూడా మీరే కొలవండి. దానికి ఇంజనీరింగ్ చదువు అక్కర్లేదు. ఒక వెదురు గడకు అడుగు అడుగుకూ ఎర్ర రంగు గీత పెట్టండి. వంతెన మీద నిలబడి గడను మెల్లగా దింపండి. బురద మెత్తగా తగిలిన చోట ఒక లెక్క, గట్టిగా నొక్కితే అసలు అడుగు తగిలిన చోట ఇంకో లెక్క. ఆ రెంటి మధ్య ఉన్నదే పూడిక. ఒడ్డున ఒకచోట, నడిమధ్యన ఒకచోట, అవతలి ఒడ్డున ఒకచోట దింపి, గడతో సహా ఫొటో తీసి తేదీ వేసుకోండి. పని అయ్యాక అదే వంతెన మీద, అదే గడతో మళ్లీ దింపండి. ఆ రెండు ఫొటోల ముందు ఏ మాటా నిలవదు.

ఇప్పుడు అందరికీ కోపం తెప్పించే సలహా. మీ పొలం పక్కన పూడిక తీయమని అడగకండి.

ప్రతి ఊరి అర్జీలోనూ అదే ఉంటుంది, మా దగ్గర తీయండి అని. నీళ్లు బయటికి పోయే చోటు మూసుకుపోయి ఉంటే పైన ఎంత తవ్వినా అక్కడ తయారయ్యేది గొయ్యే. ఎర్రకాలువ నందమూరు అక్విడక్టు దగ్గర ఏలూరు కాలువ కిందుగా దాటి, అక్కణ్నుంచి యనమదుర్రు డ్రెయిన్‌గా భీమవరం మీదుగా సముద్రం దారి పడుతుంది. కాబట్టి నిడదవోలు మండలం రైతు కొట్లాడాల్సింది భీమవరం వైపు పని కోసం. "కిందోళ్ల డ్రెయినుకి మనమెందుకు తిరగాలండీ?" అని అడుగుతారు. మన నీళ్లు పోవాల్సింది వాళ్ల ఊరి మీదుగానే కాబట్టి. వాళ్ల దగ్గర బాగుచేయకుండా మన దగ్గర బాగుచేస్తే మన వరద వాళ్ల చేలల్లో పడుతుంది. అప్పుడు రెండు ఊళ్ల మధ్య తగువు మొదలవుతుంది, పూడిక అలాగే ఉంటుంది.

పూడిక చేసే నష్టం మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ. నీటి లోతు సగానికి పడితే పారే నీరు కూడా సగం అవుతుందనుకుంటాం. అలా కాదు. లోతు తగ్గేకొద్దీ నీటి వేగం కూడా తగ్గుతుంది. వెడల్పాటి కాలువలో లోతు సగమైతే ప్రవాహం దాదాపు మూడో వంతుకు పడిపోతుంది. పైనుంచి వచ్చే మిగతా నీళ్లన్నీ గట్టు దాటి చేలోకి రావాల్సిందే.

కిందికి వెళ్లమన్నాను గదా అని సముద్రం దాకా గుడ్డిగా తవ్వించకండి. కోనసీమలో శంకరగుప్తం డ్రెయిన్ సంగతి చూశాం. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు డ్రెయిన్ వెంట ఎదురెక్కి కొబ్బరి తోటల్లోకి చేరి చెట్లు మోడులయ్యాయి. డ్రెయిన్ సముద్రంలో కలిసే మొగ దగ్గర పోటును ఆపే తలుపులు పనిచేస్తున్నాయా, తుప్పు పట్టి తెరుచుకునే ఉన్నాయా? ఇది తేలాకే తవ్వకం. మొగ మూసుకుపోతే మురుగు పోదు, మొగకు తలుపు లేకపోతే ఉప్పు ఆగదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధరతో పాటు ఈ మురుగు బాధ కూడా వాళ్ల గోడులో ఉంది.

మీ గట్టు మీద మీరు వేసుకున్న అరటి, కొబ్బరి మీరే కొట్టేయండి. డ్రెయిన్‌లోకి జరిగిన గట్టును మీరే వెనక్కి జరపండి. కడుపు మండుతుందని తెలుసు. కానీ మన ఆక్రమణ మన దగ్గర ఉండగా ఎగువన చెరువు పూడ్చిన వాడి గురించి మాట్లాడితే వినేవాడు ఉండడు. పొక్లెయిన్ దిగడానికి దారి లేదన్న సాకు కూడా మనమే ఇచ్చినట్టవుతుంది.

గుర్రపుడెక్క మీద మందు కొట్టి వదిలేస్తే ఒప్పుకోకండి. పది రోజుల్లో ఆకు ఎర్రబారి, పచ్చదనం పోయి, డ్రెయిన్ శుభ్రపడినట్టు కనపడుతుంది. ఎటు పోయింది? కిందికి. చచ్చిన డెక్క నానిపోయి అడుక్కి దిగి, వేళ్లు పట్టుకున్న ఒండ్రుతో కలిసి వచ్చే ఏటి పూడిక అవుతుంది. చేత్తో ఒక మొక్క పైకి లాగి చూడండి. కింద నల్లటి వేళ్ల కుచ్చు వేలాడుతూ ఉంటుంది, పిండితే గుప్పెడు బురద కారుతుంది. అలాంటివి లక్షలు. తీసినదాన్ని గట్టు అంచునే కుప్ప పోసినా ఒప్పుకోకండి. మొదటి పెద్ద వానకే అది తిరిగి నీళ్లలోకి జారుతుంది. దూరంగా తోలించాలి. తోలే ఖర్చు అంచనాలో ఉందో లేదో ముందే చూడాలి.

డబ్బు మేం కడతామని మీరే ముందుకు రండి. ఇది విని నవ్వుతారు, తెలుసు. కానీ మురుగు కోసం విడిగా పన్ను కట్టడం డెల్టాకు కొత్త కాదు. 1968లోనే కృష్ణా, గోదావరి డెల్టాల కోసం డ్రైనేజీ సెస్ చట్టం వచ్చింది. ఎకరానికి ఇంత అని కడతాం, ఆ డబ్బు మా డ్రెయిన్‌కే ఖర్చుపెట్టి లెక్క పంచాయతీ బోర్డు మీద రాయండి అని అడగండి. పైసా కట్టినవాడి గొంతు వేరుగా ఉంటుంది.

మునిగినా తట్టుకునే వంగడం వేసుకోండి అంటారు. స్వర్ణ సబ్-1 లాంటివి పిలక దశలో రెండు వారాల దాకా నీళ్ల కింద తట్టుకుంటాయి, నిజమే. వేసుకోండి. కానీ నవంబరులో కోతకొచ్చిన చేను పడిపోయి కంకి మీదే మొలకెత్తుతుంటే ఆ గుణం అక్కరకు రాదు. విత్తనం ఇచ్చాం కాబట్టి డ్రెయిన్ సంగతి తర్వాత అంటే ఊరుకోకండి.

పరిహారం అడగండి, కానీ రెండోదిగా అడగండి. మొదట పూడికతీత అడగండి. పరిహారానికి 33 శాతం పంట పోయినట్టు రాయాలి, జాబితాలో పేరెక్కాలి. మా వైపు చేలల్లో దిగి నాట్లేయించేది ఎక్కువగా కౌలు రైతులు. కౌలు కార్డు లేనివాడి పేరు జాబితాలో ఉండదు. పెట్టుబడి అతనిది, మునిగింది అతని కష్టం, సొమ్ము పడేది ఊళ్లో లేని ఆసామి ఖాతాలో. డ్రెయిన్ బాగుపడితే మాత్రం కార్డు ఉన్నవాడి చేనూ లేనివాడి చేనూ ఒకే రోజు తేలతాయి. అందుకే జనవరిలో ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆసాములు మాత్రమే వెళ్లకండి. కౌలు రైతుల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి. ఏ తూము దగ్గర నీళ్లు ఎన్నాళ్లు నిలబడ్డాయో, ఏ మలుపులో గట్టు ముందు జారిందో చెప్పగలిగేది వాళ్లే. వాళ్లు చెప్పింది రాసుకునే దాకా అక్కణ్నుంచి లేవకండి.