ట్రక్కన్నయ్య

డాలస్ చుట్టుపక్కల ఏ తెలుగింట్లో సత్యనారాయణ వ్రతం జరిగినా ట్రక్కన్నయ్య హాజరు. జీతమిచ్చేది డేటాబేసులు, ప్రాణం మాత్రం గరాజ్‌లో ఉన్న 1966 షెవర్లే సీ-10 పికప్ మీద. వ్రతానికి టెస్లాలోనే వస్తాడనుకోండి. ప్రసాదం చేతిలో పడగానే పక్కవాడి మోచెయ్యి పట్టుకుని, "తమ్ముడూ, ఆయిల్ ఫిల్టర్ మీద నీ అభిప్రాయం ఏమిటి?" అంటాడు.

ఎవరికుంటుంది అభిప్రాయం? అదే ఆయనకు కావాలి.

"ఇప్పటివాళ్లు డబ్బా తెచ్చి తిప్పి బిగిస్తారు. అదీ ఒక ఫిల్టరేనా? 1968కి ముందు షెవర్లే చిన్న వీ-8కి ఇంజిన్ కింద పెద్ద గిన్నె వేలాడేది. గిన్నెలో విడి ఫిల్టర్ పెట్టి, మధ్యలోంచి పొడుగాటి బోల్టు బిగించాలి. పైన గాడిలో రబ్బరు రింగు ఉంటుంది చూడు..." ఇక్కడ గొంతు తగ్గిస్తాడు, ఎవరింటి గుట్టో చెబుతున్నట్టు. "పాత రింగు పీకకుండా కొత్తది పెట్టావో, ఆయిలంతా నేలపాలే!"

ఆయిల్‌లో జింకు ఎంతుండాలని మాత్రం పొరపాటున కూడా అడక్కండి. పులిహోర చల్లారిపోతుంది.

ఆ విడి ఫిల్టర్ ఏ దుకాణంలోనైనా ఆర్డరిస్తే తెప్పిస్తారు. అలా దొరికేదైతే అన్నయ్యకెందుకు? ఆ కాలం నాటి ఏసీ అనే కంపెనీ సరుకే కావాలి, అట్టపెట్టె కూడా నలగకూడదు. టెక్సాస్ మోటర్ స్పీడ్‌వేలో జరిగే పేట్ స్వాప్ మీట్ అనే పాత సామాన్ల సంతకు వెళ్లి, ఎండలో గుట్టలన్నీ కెలికి, అట్టపెట్టెల్ని వాసన చూసి మరీ కొంటాడు. వదిన బియ్యం పెట్టుకునే అల్మరాలో ఇప్పుడు సగం వాటాదారు ఆయనే.

చివరికో మంచిరోజు చూసి గిన్నె విప్పుదామని బండి కిందికి దూరాడు. గిన్నె లేదు. పిలిపించిన ముసలి మెకానిక్ ఇంజిన్ వెనకాల, డ్రైవర్ వైపు, జిడ్డు తుడిచి పోతపోసిన నంబరు చదివాడు. పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు మొదట అడగాల్సింది ఆ నంబరే. బండి కాగితాల్లో 1966 అనుంటే అది బాడీ పుట్టిన ఏడు. ఇంజిన్ని మధ్యలో ఎవరు మార్చారో కాగితానికేం తెలుసు? ఈ బండిలో ఉన్నది 68 తర్వాత పోసిన 350 రకం ఇంజిన్. దానికి పట్టేది, అన్నయ్య అంతగా ఈసడించిన, వాల్‌మార్ట్‌లో కూడా దొరికే డబ్బాయే.

"ఏమండీ, పోనీ ఆ డబ్బా బిగించేసి, అల్మరా ఖాళీ చెయ్యకూడదూ?" అంది వదిన.

"నువ్వూరుకోవే" అన్నాడట.

మొన్న ఎవరింట్లోనో గృహప్రవేశంలో నా మోచెయ్యి దొరికింది. "తమ్ముడూ, 66 నాటి 283 ఇంజిన్ ఎక్కడైనా కనిపిస్తే చెప్పు. ఫిల్టర్ సంగతి నువ్వు చూడక్కర్లేదు, అది నా దగ్గరుంది."