పది మార్కుల జవాబు

2017లో దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో ఎటు చూసినా ఫారెస్ట్ కోచింగ్ బోర్డులే. 1,857 బీట్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది మరి. గదికి నలుగురైదుగురు చొప్పున హాస్టళ్లు నిండిపోయాయి. మగపిల్లలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు నడిస్తేనే ఉద్యోగం. అందుకని తెల్లారకముందే లేచి, ఇంకా రైలెక్కని మెట్రో పిల్లర్ల పక్కగా ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ దాకా నడిచేవాళ్లు. ఆ దారిలోనే, వనస్థలిపురం దగ్గర, మహావీర్ హరిణ వనస్థలి ఉంది. రోజూ దాని పక్కనుంచే పోయినా లోపలికి తొంగిచూసినవాడు లేడు.

నేను వాళ్లకు వన్యప్రాణుల ఆవాసాల పాఠం చెప్పేవాణ్ణి. ఆ పార్కు గురించి నా నోట్సులో నాలుగు ముక్కలుండేవి. ఒకప్పుడు నిజాముల వేట స్థలం. మహావీరుడి 2,500వ నిర్వాణోత్సవాల గుర్తుగా 1975లో ఆ పేరు. 1994లో జాతీయ పార్కు హోదా. విస్తీర్ణం 14.59 చదరపు కిలోమీటర్లు, ముఖ్య జంతువు కృష్ణజింక. పిల్లలు గడగడా అప్పజెప్పేవాళ్లు.

ఒక శనివారం పది మార్కుల ప్రశ్న ఇచ్చాను. ‘ఒక ఊళ్లో 200 ఎకరాల బీడు ఉంది. అందులో కృష్ణజింకలు తిరుగుతున్నాయి. వాటి ఆవాసాన్ని ఎలా మెరుగుపరుస్తారు?’

మొదటి బెంచీ కుర్రాడు బ్రహ్మాండంగా రాశాడు. గుంత కొలతలు, మూడు మీటర్లకొక మొక్క, ట్యాంకరుతో నీళ్లు, పక్కన చక్కటి బొమ్మ. రాష్ట్రంలో పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచాలని 2015లో మొదలైన హరితహారం సాగుతున్న రోజులవి. నా మనసంతా మొక్కల మీదే ఉంది. పదికి పది వేసి, తరగతిలో చదివి వినిపించాను.

చివరి బెంచీలో ఒక పాలమూరు కుర్రాడు. మక్తల్ అవతల, కృష్ణ ఒడ్డున వాళ్ల ఊరు. ఆ నల్లరేగడి పొలాల్లో జింకలు మందలుగా తిరుగుతాయి. వాడు మూడే వాక్యాలు రాశాడు. ‘ఒక్క చెట్టు కూడా పెట్టొద్దు. సర్కారు తుమ్మ మొలిస్తే పీకెయ్యాలి. గడ్డిని కాపాడి, కుక్కలు రాకుండా చూడాలి.’

సున్నా వేశాను. వాడు లేచి నిలబడ్డాడు.

“సార్, మా దిక్కు దాన్ని బీడనరు, గైరాన్ అంటరు. గొర్లు మేస్తయి, జింకలు మేస్తయి. దూరంకెల్లి చూసుడు, ఉరుకుడు, గంతే జింకకు తెలిసింది. చెట్లు అడ్డమొస్తే ఏం చూస్తది, ఎట్ల ఉరుకుతది?”

తరగతి గొల్లున నవ్వింది.

“మార్కులు నోట్సులో ఉన్నదానికి పడతాయి బిడ్డా, మీ ఊరి గొర్రెలకు పడవు” అన్నాను.

“బస్సెక్కితే అర్ధగంట సార్. వనస్థలికి పోయి చూసొద్దాం.”

“సిలబస్ ఎవరు పూర్తి చేస్తారు? కూర్చో.”

మొదటి బెంచీ కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. మిఠాయి పెట్టెతో వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. తర్వాత ఇంకో పరీక్ష రాసి పై ఉద్యోగానికి వెళ్లాడు. పాలమూరు కుర్రాడు రెండుసార్లు రాసి, పెట్టె సర్దుకుని ఊరికి పోయాడు.

మొన్న చలికాలంలో మనవడు జింకలు చూస్తానంటే హరిణ వనస్థలికి తీసుకెళ్లాను. ఇన్నేళ్లు పాఠం చెప్పిన చోట అదే నా మొదటి అడుగు. చెట్లు గుబురుగా ఉన్నవైపు ఒక్క కృష్ణజింకా లేదు. నీడలో గడ్డి కూడా లేదు, ఎండుటాకుల కింద వట్టి మట్టి. కాస్త ముందుకెళ్లి బయలు రాగానే మంద కనబడింది. మెలికల కొమ్ముల ఇర్రి ఒకటి మెడ ఎత్తి మావైపే చూస్తోంది. ఇరవై అడుగుల్లో ఒక లేడి కదలకుండా నిలబడింది. ఎందుకా అని చూస్తే, మోకాలెత్తు గడ్డిలో నేలకు కరుచుకుని పిల్ల. గడ్డి రంగే దాని ఒంటి రంగు. చెవి ఒక్కటే అదిరింది. ఆ గడ్డి లేకపోతే ఆ పిల్లకు వేరే ఇల్లు లేదు.

మూడు వాక్యాల ఆ జవాబు కళ్లముందు కదలాడింది. మనవడి చెయ్యి పట్టుకుని అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఆ రాత్రి పాత రిజిస్టరు వెతికి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను.

“నువ్వు రాసిందే సరైన జవాబు బిడ్డా. ఆ పది మార్కులూ నీవే. నన్ను క్షమించు.”

అవతల కాసేపు మాట లేదు. దూరంగా ఎవరో రేకు డబ్బా కొడుతున్న చప్పుడు.

“అంత మాటెందుకు సార్” అన్నాడు.

“మీ గైరాన్‌లో జింకలు బాగున్నాయా?”

“గైరాన్ల ఇప్పుడు జింకలేడియి సార్. మొత్తం మొక్కలు పెట్టిచ్చిన్రు, మూడు మీటర్లకొకటి. అవి పెరిగి నీడ పట్టినంక గడ్డి పోయింది. జింకలన్నీ మా కందిచేన్ల పడ్డయి. రాత్రంతా కావలి కాస్తున్నం. ఇప్పుడు గూడ చేన్లనే ఉన్న.”

“వద్దని చెప్పకపోయావా, నాయనా?”

“చెప్పిన సార్. పెట్టిచ్చిన సారు మన బ్యాచే, మొదటి బెంచీల కూసునేటోడు. నన్ను గుర్తువట్టి, ఫోన్ల మీ నోట్సు తీసి చూపిచ్చిండు. ‘దీనికి నీకు అప్పుడే సున్నా పడ్డది గదరా’ అన్నడు.”