అక్షశిల్పపద్యమునకు టీకాతాత్పర్యములు

అవతారిక: ఫ్రాన్సుదేశమునఁ బువాతియే నగరమందు 2008లో లిబెల్యుడ్ అను క్రీడాప్రకాశనసంస్థను నెలకొల్పి, “డిక్సిట్” అను చిత్రపత్రక్రీడతో దానికిఁ బ్రతిష్ఠ దెచ్చి, 2012లో “సీజన్స్” అను నాటను తానే కల్పించిన రెజిస్ బొన్నెసే, 2017లో “డైస్ ఫోర్జ్” అను పేరఁ బాచికలాట యొకదానిని వెలువరించెను. పాచికను దొర్లించుటయే గాక, దాని ముఖములను ఆటనడుమనే యూడఁబెఱికి క్రొత్తవి తొడుగుటయు నిందుఁ గర్తవ్యమగుటచేత, నియమావళిని సగము చదివి నిట్టూర్చు మిత్రుల సౌకర్యార్థము దాని సారమును నొక యాటవెలదిలో నిమిడ్చితిని. పద్యము నియమావళికంటెను దుర్బోధముగా నున్నదని వారు సెలవిచ్చుటచేత టీకయు నావశ్యకమైనది. పద్యకర్తయే టీకాకర్త యగుట శాస్త్రసమ్మతమా యని శంకింపవలదు. మఱియెవ్వరును వ్రాయఁబోరని తెలిసిన తావున నది సమ్మతమే.

మూలము:

పసిఁడి యిచ్చి ముఖము పాచికకుఁ దొడిగి
భాస్కరేందుశకలపంక్తిఁ గూర్చి
దీవి దీవి కేగి ధీరకార్యముఁ జేసి
కీర్తి మించువాఁడె గెలుచు నాట.

ప్రతిపదార్థము: పసిఁడి యిచ్చి = బంగారమును మూల్యముగాఁ జెల్లించి; ముఖము = ఆఱింటిలో నొక పలకను; పాచికకున్ = తన రెండు పాచికలలో నొకదానికి; తొడిగి = బిగించి; భాస్కర ఇందు శకల పంక్తిన్ = సూర్యశకలముల యొక్కయుఁ జంద్రశకలముల యొక్కయు వరుసను; కూర్చి = సమకూర్చుకొని; దీవి దీవికిన్ ఏగి = ఆయా ద్వీపములకుఁ బోయి; ధీరకార్యమున్ చేసి = ఆ శకలములను వెచ్చించి వీరోచితకృత్యమును నెఱవేర్చి; కీర్తిన్ మించువాఁడె = కీర్త్యంకములలో నితరులను మీఱినవాఁడే; ఆటన్ గెలుచున్ = క్రీడయందు జయించును.

తాత్పర్యము: ఇద్దఱు మొదలు నలుగురివఱకుఁ గల మర్త్యవీరులు, అర్ధదేవతలలో నొకఁడగు భాగ్యమును గోరి పోటీపడుచు, ధనముచేతఁ బాచికలను, పాచికలచేత శకలములను, శకలములచేతఁ గీర్తిని సంపాదింతురని భావము.

విశేషములు: “పసిఁడి యిచ్చి” యనుటలో నొక లోకవృత్తాంతము గర్భితమై యున్నది. ఆరంభమున నొక పాచికకు ఐదు ముఖములు ఒక్కొక్క పసిఁడిని, ఆఱవది యొక సూర్యశకలమును నొసఁగును. రెండవదానికి నాలుగు ముఖములు పసిఁడి, ఒకటి చంద్రశకలము, మిగిలినది రెండు కీర్త్యంకములు. పండ్రెండు ముఖములలోఁ దొమ్మిది బంగారమే యైనను వీరుఁడు దరిద్రుఁడే, ఏలయన బంగారము స్వయముగాఁ గీర్తి కానేరదు. కూడఁబెట్టుదమన్నను వాని కోశమునఁ బండ్రెండు పసిఁడికి మించి నిలువదు. పదుమూఁడవది రాలిన క్షణముననే వ్యర్థమగును. “కమ్మరి పెట్టె” యను కృత్యమును సాధించినవానికి మాత్రము నాలుగు పసిఁడికిని, ఒక్కొక్కజాతి శకలములు మూఁడింటికిని అధికముగాఁ జోటు గలుగును. విపణిలో ముఖముల వెల రెండు పసిఁడి మొదలు పండ్రెండు వఱకుఁ గలదు. ఒక వంతులో నెన్ని ముఖములనైనఁ గొనవచ్చును గాని, అవి యన్నియు వేర్వేఱుగా నుండవలెను. లోభికి మితియు, ఆతురునకు వైవిధ్యమును విధించిన యీ నియమద్వయము నాకు మిక్కిలి యింపైనది.

ఇచటఁ బూర్వపక్షము: పాచిక ముఖములను మార్చుట శకునివిద్య కాదా? కాదు. శకుని చేసినది నిగూఢము; ఇది యెల్లరు చూచుచుండఁగా వెల చెల్లించి చేయునది. (ఆతఁడు తండ్రి యెముకలతోఁ బాచికలు చేసెనను కథ వ్యాసభారతమున లేదు, జనులు మాత్రము దానిని విడువరు.) మఱియు ఋగ్వేదము పదవ మండలమున ముప్పదినాలుగవ సూక్తమందు జూదరి యేడ్చిన యక్షములు తానికాయలు, వానికి మార్చుకొనుటకు ముఖములే లేవు. తానిచెట్టు నాకులను, కాయలను జూచినంతనే లెక్కించి చెప్పిన ఋతుపర్ణుఁడు, అశ్వహృదయమునకుఁ బ్రతిగా నలున కక్షహృదయము నుపదేశించెను. మన పూర్వులు పాచికను గెలుచుటకు దాని హృదయమెఱుఁగవలెననిరి. బొన్నెసే మతమున హృదయముతోఁ బనిలేదు, ముఖము మార్చిన చాలును.

చాలునా? ఇదియే యీ పద్యమునకు జీవస్థానము. నలుగురాడునపుడు తొమ్మిది యావృత్తులు నడచును. ఎవ్వరి వంతు వచ్చినను నలుగురును దమ పాచికలను వేయుదురు. కనుక నొక్కొక్కనికి ముప్పదియాఱు సార్లు పాచికలు దొర్లును. అందొక ముఖము సగటున ఆఱు సార్లు పైకి వచ్చును. అదే ముఖమును ఆటనడుమఁ గొన్నచో మూఁడు సార్లు మాత్రమే. తుదియావృత్తిలోఁ గొన్నచో నది దానమిచ్చినట్లే. విధిని దిద్దుకొను కాలమును విధిఫల మనుభవించు కాలమునుండియే కత్తిరింపవలసి యుండుటచేత, కమ్మరిపని యెప్పుడు మానవలెనో యెఱిఁగినవాఁడే యిందు నిపుణుఁడు. నేను జూచినంతలో నోడినవారిలోఁ బెక్కుమంది పాచికలు అద్భుతముగా నున్నవి! మొదటివానికి మూఁడు పసిఁడి, తరువాతివారికి వరుసగా రెండు, ఒకటి, సున్న యిచ్చి ప్రారంభించుటయు నీ కాలగణనచేతనే: వెనుకవాఁడు తన వంతు వచ్చులోపల నెక్కువ సార్లు పాచికలు వేసి యుండును గదా.

“తొడిగి” యనుచోట నొక చమత్కారము. పాఁతముఖమును పెకలించుటకుఁ జేతిలోని క్రొత్తముఖము నంచునే మీటగా నుపయోగింపవచ్చును. రాఁబోవు నధికారి పోవువానిని లేపినట్లు. ముఖము మాఱు పాచిక బొన్నెసే యపూర్వసృష్టి యనుట మాత్రము పొసఁగదు. 2009లో లెగోవారి యాటలలోను, 2014లో స్టీఫెన్ గ్లెన్ రచించిన “రాటిల్‌బోన్స్”లోను నట్టిది కలదు. ఇచటి విశేషము రెండు పాచికలును, వానిని పోషించు నర్థశాస్త్రమును.

“దీవి దీవి కేగి” యనునది సులభము. వంతున కొక్కటే కార్యము. రెండు సూర్యశకలము లిచ్చినవానికి మఱియొకటి. ఒకఁడున్న దీవికి వేఱొకఁడు వచ్చినచో మొదటివాఁడు తొలఁగవలెను గాని, తొలఁగినందులకుఁ దన పాచికలను వేసి వచ్చిన ఫలమును గ్రహించును. శత్రువును దఱిమినవాఁడే వానికి జీతమిచ్చుట మఱియే యుద్ధశాస్త్రమునను గానము.

“కీర్తి మించువాఁడె” యనుచోట సంప్రదాయభేదము గలదు. ఐదు సూర్యశకలములు, ఐదు చంద్రశకలములు వెచ్చించి హైడ్రాను వధించి యొక్కపెట్టున ఇరువదియాఱు కీర్త్యంకములు గైకొనవలెనని యొక తెగవారు. ఒక్క చంద్రశకలముతోఁ గమ్మరి సమ్మెట నార్జించి, వచ్చు పసిఁడినెల్ల దానికే యర్పించుచు నెమ్మదిగాఁ గీర్తిని సాగఁగొట్టవలెనని వేఱొక తెగవారు. హైడ్రావాదులు సభారంజకులు. నేను సమ్మెటవాదిని.

పరిశిష్టవిచారము: 2018లో “రెబెలియన్” అను విస్తరణభాగము వెలువడెను. అందుఁ గ్రొత్తకృత్యములు, క్రొత్తముఖములు, రెండు ప్రకరణములు గలవు. ఒకదాన దేవి యొక్క చిక్కుదారిలోఁ బ్రవేశము. రెండవదాన దేవతలపైఁ దిరుగఁబడిన టైటనులతోఁ జేరుటయా, దేవతలకు విధేయుఁడై యుండుటయా యను పక్షనిర్ణయము. ఇది మూలమునకు శేషమా, ప్రక్షిప్తమా? చిక్కుదారిని నేను శేషముగానే యంగీకరింతును. పాచిక పలికినచొప్పున నడుచుట మనకు వైకుంఠపాళినాఁటి పరిచయమే. టైటనుల ప్రకరణము క్రొత్తవారికి భారము. మూలమందు వీరుఁ డొక్క చింతతో, అనఁగా నెప్పుడు కొలిమి నార్పవలెనను చింతతో, వేఁగుచుండఁగా, ఎవరికి మ్రొక్కవలెనను రెండవ చింత వానికేల? అనుభవజ్ఞులకు మాత్రమది రుచించును. వారిలో నొకఁడు మొన్న టైటనుల పక్షము వహించి, సమ్మెటవాదులకుఁ గాలము చెల్లినదని నా యెదుటనే ప్రకటించెను. వానికి సమాధానము నేనింకను యోచించుచున్నాను.