చెక్ కంప్లీట్

2023 సెప్టెంబర్ 30, శనివారం సాయంత్రం, లండన్. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో టాటెన్‌హామ్ మైదానానికి లివర్‌పూల్ వచ్చింది. 26వ నిమిషంలోనే కర్టిస్ జోన్స్‌కు రెడ్ కార్డు పడి లివర్‌పూల్ పదిమందికి తగ్గింది. అలాంటప్పుడు ఏ జట్టయినా సొంత గోల్ కాచుకుని కూర్చుంటుంది. వీళ్లు కూర్చోలేదు. 34వ నిమిషంలో మహమ్మద్ సలా డిఫెండర్ల సందులోంచి బంతి వదిలాడు. లూయిస్ డియాజ్ దాని వెంట దూసుకెళ్లి గోల్‌లోకి కొట్టేశాడు.

కొట్టాడో లేదో, గీత దగ్గర అసిస్టెంట్ రెఫరీ జెండా లేచింది. ఆఫ్‌సైడ్! స్టాండ్స్‌లో కూర్చున్న 60 వేల పైచిలుకు జనం ఆ జెండా చూశారు. డియాజ్ చూశాడు. రెఫరీ చూశాడు. గోల్ లేదు.

ఇలాంటి ప్రతి గోల్‌నీ మరో చోట మళ్లీ చూస్తారు. హీత్రూ విమానాశ్రయానికి దగ్గర్లో స్టాక్లీ పార్క్ అనే చోట వీడియో రెఫరీల గది ఉంది. వీడియో అసిస్టెంట్ రెఫరీ, అంటే వీఏఆర్, ఆయనకో సహాయకుడు, వాళ్లు అడిగిన దృశ్యాన్ని అడిగిన కోణంలో తెర మీదకు తెచ్చే రీప్లే ఆపరేటర్ అక్కడ ఉంటారు. అప్పట్లో పాస్ ఇచ్చిన క్షణం దగ్గర బొమ్మ ఆపేవారు. చివరి డిఫెండర్ శరీరంలో గోల్‌కు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న భాగం నుంచి ఒక గీత, అవసరమైతే దాడి చేస్తున్న ఆటగాడి నుంచి ఇంకో గీత గీసేవారు. దాడి చేస్తున్నవాడి గీత ముందుంటే ఆఫ్‌సైడ్, లేకుంటే ఆన్‌సైడ్ అని తేల్చేవారు.

ఆ గీతల మీద అప్పటికి నాలుగేళ్లుగా గొడవ నడుస్తోంది. 2019 నవంబర్ 2న విల్లా పార్క్ మైదానంలో లివర్‌పూల్ ఆటగాడు రాబర్టో ఫిర్మినో గోల్ కొడితే రద్దు చేశారు. కారణం అతని చంక. ఆఫ్‌సైడ్ లెక్కలోకి చేయి రాదు కాబట్టి చేయి ఎక్కడ మొదలవుతుందో తేల్చాలి, అది చంక దగ్గర మొదలవుతుందని తేల్చారు. మరుసటి ఏడాది చంక కింది అంచే హద్దు అని నిబంధనల పుస్తకంలోనే స్పష్టంగా రాశారు. ఆటను ప్రేమించేవాడు ఎవడైనా ఆ వాక్యం చదివి బాధపడతాడు.

గీతలు గీసిన ఆ వీడియో సెకనుకు 50 ఫ్రేములది. సెకనుకు 8 మీటర్లు పరుగెత్తే మనిషి ఒక ఫ్రేముకూ తర్వాతి ఫ్రేముకూ మధ్య 16 సెంటీమీటర్లు ముందుకు పోతాడు. బంతి కాలిని వదిలిన క్షణం ఆ రెండు ఫ్రేముల మధ్య ఎక్కడుందో ఎవరికి తెలుసు? జానెడంత సందేహం పెట్టుకుని వెంట్రుకవాసి తీర్పు చెప్పడం నాకు అన్యాయంగానే తోస్తుంది. 2021-22 సీజన్ నుంచి ప్రీమియర్ లీగ్ గీతలను లావు చేసి, అవి కలిసిపోతే సందేహలాభం గోల్ కొట్టినవాడికే ఇవ్వడం మొదలుపెట్టింది. కొంత నయం. ఖతర్‌లో జరిగిన 2022 ప్రపంచ కప్‌లో మరో అడుగు ముందుకు వేశారు. బంతిలో సెకనుకు 500 సార్లు సమాచారం పంపే సెన్సార్ పెట్టారు, స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు బిగించి ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 బిందువులను కనిపెట్టారు. 2023 నాటికి ఇంగ్లండ్‌లో ఇంకా మనుషులు చేత్తో గీసే గీతలే.

గొడవ చల్లారేది కాదు. డియాజ్ గోల్ తర్వాతి వసంతంలో వెంబ్లీలో జరిగిన ఎఫ్ఏ కప్ సెమీఫైనల్లో, రెండో శ్రేణి జట్టు కవెంట్రీ 0-3 నుంచి కోలుకుని మాంచెస్టర్ యునైటెడ్‌ను 3-3కు లాక్కొచ్చింది. అదనపు సమయం ముగుస్తుండగా నాలుగో గోల్ కూడా కొట్టింది. ఊరు ఊరంతా వచ్చి కూర్చున్నట్టున్న ఆ స్టాండ్ ఒక్కసారిగా లేచింది. అంతలో గీతలు వచ్చాయి. కాలి బొటనవేలంత తేడాతో గోల్ పోయింది, పెనాల్టీల్లో మ్యాచ్ కూడా పోయింది. ఆ జనానికి దక్కిన ఆ నిమిషం సంతోషాన్ని వెనక్కి లాక్కునే హక్కు ఒక బొటనవేలికి ఉందా అని నేను ఈరోజుకూ అడుగుతాను.

ఇంతకీ డియాజ్ గోల్. టీవీలో రీప్లే వేశారు. ఇది చంకల తగువు కాదు, మామూలు కంటికే అతను ఆన్‌సైడ్‌లో కనిపించాడు. అయినా గోల్ ఇవ్వలేదు. రెండు నిమిషాలకే టాటెన్‌హామ్ తరఫున సన్ హ్యూంగ్-మిన్ గోల్ కొట్టాడు. విరామానికి ముందు లివర్‌పూల్ ఆటగాడు గాక్పో సమం చేశాడు. రెండో సగంలో లివర్‌పూల్‌కు ఇంకో రెడ్ కార్డు. తొమ్మిదిమందితో చివరిదాకా కాచుకున్న ఆ జట్టు, 96వ నిమిషంలో జోయెల్ మాటిప్ కాలికి తగిలి బంతి సొంత గోల్‌లోకే పోవడంతో 2-1తో ఓడింది.

ఇది తీవ్రమైన మానవ తప్పిదమేనని రెఫరీల సంస్థ పీజీఎంఓఎల్ ఆ రాత్రే ఒప్పుకుంది. తప్పు ఎక్కడ జరిగింది? ఫ్రేము తప్పు ఎంచుకున్నారా? గీత వంకరపోయిందా? వేరే డిఫెండర్ కాలు చూశారా? మంగళవారం ఆ గదిలోని ఆడియో బయటపెట్టారు. గీత గురించి అనుమానం ఉన్నవాళ్లంతా చెవులు రిక్కించి విన్నారు.

వీఏఆర్ పని మొదలుపెడతాడు. బంతి తన్నిన క్షణం చూపించమంటాడు. కోణం మార్చమంటాడు. డిఫెండర్ బూటు మీద గీత పెట్టమంటాడు. గీత పడుతుంది. సరైన ఫ్రేము, సరైన బూటు, సరైన గీత. డియాజ్ ఆన్‌సైడ్. ఆయనకు ఏ సందేహమూ లేదు. వెంటనే మైదానానికి చెప్పాడు: “చెక్ కంప్లీట్, చెక్ కంప్లీట్. అంతా బాగుంది, పర్‌ఫెక్ట్.”

మైదానంలో రెఫరీ గోల్ ఇచ్చాడనే ఆయన అనుకున్నాడు. అందుకే, గోల్ సరైనదే అన్న అర్థంలో ఆ మాట అన్నాడు. 60 వేల మంది చూసిన జెండా ఆ గదిలో ఆయన మనసులోకి ఎక్కలేదు. మైదానంలో ఉన్నవాళ్లకు అదే మాట, ఆఫ్‌సైడ్ సరైనదే అని వినిపించింది. మన క్రికెట్‌లో థర్డ్ అంపైర్ లెక్కంతా చూశాక, మైదానంలో మీరిచ్చిన నిర్ణయం ఔట్, దాన్ని నాటౌట్‌గా మార్చండి అని విడమరిచి చెప్పడం ఉప్పల్ స్టేడియంలో కూర్చున్న చిన్నపిల్లాడికీ తెలుసు. ఆ వాక్యం ఒక్కటి ఆ గదిలో ఎవరూ అనలేదు.

టాటెన్‌హామ్ ఫ్రీ కిక్ తీసుకుంది. ఆట సాగింది. అప్పుడు గదిలో రీప్లే ఆపరేటర్ గొంతు వినిపిస్తుంది. ఆయన రెఫరీ కాదు, తీర్పు చెప్పే అధికారం ఆయనకు లేదు. అయినా అందరికన్నా ముందు పట్టుకున్నది ఆయనే. ఆగండి, ఆగండి, మైదానంలో ఇచ్చింది ఆఫ్‌సైడ్, ఇది మీకు సమ్మతమేనా అని అడుగుతాడు. ఏమిటీ అంటాడు వీఏఆర్. అర్థమయ్యాక ఒక బూతు మాట. ఆట ఆపమని పైవాళ్లు అంటున్నారని ఆపరేటర్ మళ్లీ మళ్లీ చెబుతాడు. ఒకసారి ఆట తిరిగి మొదలైతే అలాంటి నిర్ణయాన్ని మార్చడానికి నిబంధన ఒప్పుకోదు. “ఇక ఏమీ చేయలేం, ఏమీ చేయలేం” అంటాడు వీఏఆర్.

“చెక్ కంప్లీట్” అన్న మాటకూ ఈ కేకలకూ మధ్య ఆ ఆడియోలో ఇంకో గొంతు ఉంది. మైదానంలో ఉన్న రెఫరీది. సవ్యంగా పడిన గోల్‌ను అప్పుడే రద్దు చేసి, ఆ సంగతి తెలియక, గదిలో ఉన్నవాళ్లను మెచ్చుకుంటున్నాడు: “వెల్‌డన్ బాయ్స్, గుడ్ ప్రాసెస్.”